నల్లపులి తగ్గితేనే నయం

2024 అక్టోబరు నెలాఖరులో మహారాష్ట్రలోని తడోబా అడవి నుంచి జమున అనే ఆడపులిని ఒడిశాలోని సిమిలిపాల్‌కు తీసుకొచ్చారు. నవంబరులో జీనత్ అనే రెండో ఆడపులి వచ్చింది. కొన్నాళ్లు ఎన్‌క్లోజర్‌లో ఉంచి వదిలారు. వదిలిన కొద్ది రోజులకే జీనత్ సిమిలిపాల్ దాటి జార్ఖండ్‌లోకి, అక్కడి నుంచి పశ్చిమ బెంగాల్‌లోకి వెళ్లిపోయింది. అడవి సిబ్బంది రేడియో కాలర్ సిగ్నల్ పట్టుకుని వెంటపడుతూ, ఎరలు కడుతూ, ఊళ్లలో వలలు బిగిస్తూ తిరిగారు. చివరికి డిసెంబరు 29న బాంకురా జిల్లాలో మత్తుమందు ఇచ్చి పట్టుకున్నారు. అన్ని రోజులూ టీవీల్లో పులి ఎక్కడుందన్నదే వార్త. అసలు దాన్ని అంత దూరం నుంచి ఎందుకు తెచ్చారన్న సంగతి మాత్రం పెద్దగా ఎవరికీ పట్టలేదు.

తెచ్చింది సిమిలిపాల్‌లో పులులు లేక కాదు. ఉన్న పులులు నల్లబడుతున్నందుకు.

నల్లపులి అనగానే నల్లచిరుతలా ఒళ్లంతా నలుపనుకుంటాం. అలా ఉండదు. మామూలు పులికి పసుపు మీద నల్లచారలు విడివిడిగా ఉంటాయి కదా, వీటికి ఆ చారలు వెడల్పై ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. వీపు, పక్కలు నల్లటి ముద్దలా కనిపిస్తాయి, మధ్యమధ్య పసుపు సన్నగా తొంగిచూస్తుంది. పొట్ట కింద తెలుపు అలాగే ఉంటుంది. నిజంగా ఒళ్లంతా నలుపు కాదు కాబట్టి దీన్ని సూడో మెలనిజం అంటారు.

ఇలాంటి పులిని చూశామని సిమిలిపాల్ చుట్టుపక్కల చెప్పేవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. నమ్మేవాళ్లే తక్కువ. 1993లో ఒక గిరిజన యువకుడు తన మీదికి వచ్చిన ఆడపులిని ఆత్మరక్షణ కోసం బాణంతో కొట్టాడు. అది చచ్చాక చూస్తే నల్లపులి. తర్వాత అడవిలో కెమెరాలు పెట్టడం మొదలయ్యాక ఫొటోలు వచ్చాయి, వాదన ముగిసింది. ఒడిశా అటవీశాఖ 2023-24లో చేసిన లెక్కింపులో సిమిలిపాల్‌లో 27 పెద్దపులులు తేలితే, వాటిలో 13 నల్లవే. ప్రపంచంలో మరే అడవిలోనూ ఇలా లేదు.

ఇది చదివిన ఎవరికైనా వెంటనే తోచే జవాబు ఒకటుంది. సిమిలిపాల్ దట్టమైన సాలవృక్షాల అడవి, లోపల చీకటి. నల్లగా ఉన్న పులి ఆ నీడలో కలిసిపోతుంది, వేట బాగా దొరుకుతుంది, పిల్లలు ఎక్కువ బతుకుతాయి, అందుకే నలుపు పెరిగింది. స్కూల్లో నేర్చుకున్న ప్రకృతి వరణం ఇదే. 1858లో డార్విన్, వాలేస్‌ల వ్యాసాలను లండన్‌లోని లినియన్ సొసైటీలో చదివినప్పటి నుంచి దాని లెక్క మారలేదు. ఒకే జాతి జీవుల మధ్య తేడాలుండాలి, ఆ తేడాలు పిల్లలకు సంక్రమించాలి, ఆ తేడాల వల్లే కొన్ని ఎక్కువ పిల్లల్ని కని కొన్ని తక్కువ కనాలి. ఈ మూడూ ఉంటే తరాలు గడిచేకొద్దీ జాతి రూపం మారుతుంది. పై కథలో మూడూ ఉన్నట్టే కనిపిస్తాయి. మలయా ద్వీపకల్పంలో చిరుతలు దాదాపు అన్నీ నల్లవే, అక్కడి అడవీ చీకటిదే. కాబట్టి ఊహ మరీ గాలిలోంచి పుట్టింది కాదు.

కానీ కథ కుదిరినంత మాత్రాన కారణం అదే అయిపోదు. ప్రకృతి వరణం నిజంగా పనిచేసినచోట అది లెక్కల్లో ఎలా కనిపిస్తుందో చూడాలంటే మొజాంబిక్ వెళ్లాలి. అక్కడ 1977 నుంచి 1992 దాకా అంతర్యుద్ధం. దంతాలమ్మి డబ్బు చేసుకోవడానికి రెండు పక్షాల సైనికులూ గొరొంగోసా పార్కులో ఏనుగుల్ని చంపారు. పదింట తొమ్మిది పోయాయి. యుద్ధానికి ముందు దంతాల్లేని ఆడ ఏనుగులు 18.5 శాతం ఉండేవి, తర్వాత అది 50.9 శాతానికి చేరింది. దంతాలున్నది తుపాకీకి దొరికింది, లేనిది మిగిలి పిల్లల్ని కన్నది. ఊరికే జనాభా పడిపోవడం వల్ల ఇంత తేడా రావడానికి అవకాశం దాదాపు లేదని 2021లో శాస్త్రవేత్తలు లెక్కగట్టి చూపించారు. వేటగాడూ ప్రకృతిలో భాగమే అనుకుంటే, పదిహేనేళ్లలో కళ్లముందు జరిగిన పరిణామం ఇది. దానికి ఏనుగులు కట్టిన మూల్యమూ ఉంది. దంతాలు రాకుండా చేసే ఆ జన్యుమార్పు మగ పిండాన్ని బతకనివ్వదు. అందుకే దంతాల్లేని తల్లులకు ఆడపిల్లలే ఎక్కువ.

సిమిలిపాల్ పులుల మలం, వెంట్రుకల నమూనాల మీద అదే 2021లో ఇంకో పరిశోధన వచ్చింది. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో ఉమా రామకృష్ణన్, వినయ్ సాగర్ బృందం చేసిన పని అది. హైదరాబాద్ సీసీఎంబీకీ అందులో భాగముంది. భువనేశ్వర్ దగ్గర నందన్‌కానన్ జూలో మామూలు చారలున్న జంటకు నల్లపిల్లలు పుట్టడం వాళ్లకు మంచి ఆధారమైంది. ఆ కుటుంబం జన్యుక్రమమంతా చదివితే, టాక్‌పెప్ అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారిందని తేలింది. పెంపుడు పిల్లుల్లో చారలు మచ్చలుగా కలిసిపోవడానికీ, ఆఫ్రికాలో కింగ్ చీతా అనే అరుదైన చీతా రూపానికీ కారణం ఇదే జన్యువు. మారిన రూపం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే పులి నల్లగా పుడుతుంది. ఒకవైపు నుంచే వస్తే చారలు మామూలుగానే ఉంటాయి, లోపల మాత్రం ఆ మార్పు దాగి ఉంటుంది.

తర్వాత దేశంలోని ఇతర అడవుల్లో వందల పులుల నమూనాలు చూశారు. ఒక్కదాంట్లోనూ ఆ మార్పు లేదు. సిమిలిపాల్‌లో మాత్రం ఆ జన్యువు ప్రతుల్లో దాదాపు 58 శాతం మారిన రూపమే. ఇంత తేడా రావాలంటే నలుపు వల్ల లాభం ఉండి తీరాలా? అక్కర్లేదు. కొద్ది పులులతో మొదలై, బయటి నుంచి కొత్త పులి రాకుండా కొన్ని తరాలు గడిస్తే ఇదే జరగొచ్చని వాళ్ల కంప్యూటర్ లెక్కలు చెప్పాయి. అలా మిగిలిన కొద్ది పులుల్లో ఒకదానికి అనుకోకుండా ఈ మార్పు ఉండొచ్చు, దానికి అనుకోకుండా ఎక్కువ పిల్లలు పుట్టి ఉండొచ్చు. దీన్ని జెనెటిక్ డ్రిఫ్ట్ అంటారు. చీకటి అడవిలో నలుపుకు కాస్త లాభం ఉండే అవకాశాన్ని పరిశోధకులు పూర్తిగా కొట్టిపారేయలేదు. కానీ అది లేకపోయినా లెక్క సరిపోతోంది. నాకైతే ఆ 'లేకపోయినా' అన్నమాటే భయం పుట్టిస్తుంది.

ఎందుకంటే గుంపు చిన్నదయ్యేకొద్దీ ప్రకృతి వరణానికి పట్టు సడలుతుంది. వెయ్యి పులులున్నచోట కొంచెం చెడు చేసే జన్యువు మెల్లగా వెనక్కి పోతుంది. పాతిక పులులున్నచోట అదృష్టం బాగోలేకపోతే మంచి జన్యువు మాయమైపోవచ్చు, చెడ్డది అందరికీ అంటుకోవచ్చు. నలుపు మనకు కనబడింది కాబట్టి దొరికింది. అదే దారిలో గుండెనో, సంతానశక్తినో, రోగనిరోధక శక్తినో దెబ్బతీసేది పెరిగితే కెమెరా ఫొటోలో కనబడదు. మేనరికాలు తరతరాలుగా చేసుకున్న ఇళ్లలో డాక్టర్లు దేనికి టెన్షన్ పడతారో, ఇక్కడా అదే.

సిమిలిపాల్‌కు ఈ ఒంటరితనం ఎలా వచ్చింది? అది మయూర్‌భంజ్ రాజుల వేటభూమి. 1973లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైనప్పుడు ఎంచుకున్న తొలి తొమ్మిది అడవుల్లో ఇదొకటి. దాని మొదటి ఫీల్డ్ డైరెక్టర్ సరోజ్ రాజ్ చౌధురి ఖైరీ అనే ఆడపులిని ఇంట్లో పెంచి దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. పాదముద్రల్ని బట్టి పులుల్ని లెక్కించే పద్ధతి తెచ్చిందీ ఆయనే. ఆ పద్ధతి మీదే దశాబ్దాలు నడిచాం. కాగితం మీద సిమిలిపాల్‌లో పులులు వంద దాకా ఉండేవి. కెమెరాలు వచ్చాక ఆ సంఖ్య నిలవలేదు. ఈలోగా చుట్టూ గనులు, రోడ్లు, పొలాలు పెరిగి, మధ్యభారతం అడవుల నుంచి పులి నడిచి వచ్చే దారి మూసుకుపోయింది. లోపల వేటగాళ్లు ఉండనే ఉన్నారు. మనం అంకెలు చూసుకుంటున్నాం, లోపల జన్యువులు కరిగిపోతున్నాయి.

దారి తెరిచి ఉంటే ఏమవుతుందో తెలుగువాళ్లకు తెలిసిన ఉదాహరణే ఉంది. ఇదే తడోబా నుంచి పులులు తమంతట తామే ప్రాణహిత, పెన్‌గంగ దాటి ఆసిఫాబాద్, కాగజ్‌నగర్ అడవుల్లోకి వస్తుంటాయి. అక్కడ జన్యువుల్ని లారీలో తేవాల్సిన అవసరం లేదు. అయితే ఆ ఖర్చు ఎవరు భరిస్తున్నారో కూడా చెప్పుకోవాలి. 2024 నవంబరు చివర, సరిగ్గా జీనత్‌ను సిమిలిపాల్‌లో వదిలిన రోజుల్లోనే, కాగజ్‌నగర్ మండలంలో పత్తి చేలో పనికి వెళ్లిన మహిళ పులి దాడిలో చనిపోయింది. పులులు నడిచే దారిగా, కారిడార్ అని మ్యాపులో గీసే ఆకుపచ్చ గీత కింద ఉన్నవి పత్తిచేలు.

పులుల్ని తరలించడం ఒడిశాకు కొత్త కాదు. 2018లో మధ్యప్రదేశ్‌లోని కాన్హా నుంచి మగపులినీ, బాంధవ్‌గఢ్ నుంచి సుందరి అనే ఆడపులినీ ఒడిశాలోని మరో పులుల అడవి సత్కోసియాకు తెచ్చారు. మగపులి ఆ నవంబరులోనే ఉచ్చు గాయంతో చచ్చిపోయింది. సుందరి ఇద్దరు మనుషుల్ని చంపిందని ఊళ్లు తిరగబడ్డాయి. ఎన్‌క్లోజర్‌లో పెట్టి చివరికి 2021లో మధ్యప్రదేశ్‌కు తిప్పి పంపారు. జన్యుశాస్త్రం ఎంత సరైనదైనా, చుట్టూ ఉన్న పల్లెలతో ముందు మాట్లాడకపోతే పథకం అక్కడే ఆగిపోతుందని ఆ ఉదంతం చూపించింది.

బయటి జంతువుల్ని తెచ్చి కలిపే పద్ధతి పనిచేస్తుందనడానికి గట్టి సాక్ష్యం అమెరికాలో ఉంది. 1990ల మొదట్లో ఫ్లోరిడా పాంథర్లు (అక్కడి ప్యూమాలను అలా పిలుస్తారు) పాతిక ముప్పై మిగిలాయి. తోకలు వంకరపోయాయి, మగవాటిలో వృషణాలు కిందికి దిగడం లేదు, గుండె లోపాలు బయటపడ్డాయి. 1995లో టెక్సాస్ నుంచి 8 ఆడ ప్యూమాల్ని తెచ్చి వదిలారు. వాటిలో 5 పిల్లల్ని కన్నాయి. లోపాలు తగ్గాయి, సంఖ్య కొన్నేళ్లలో కొన్ని రెట్లైంది.

ఇప్పుడు అసలు చిక్కు. జమున గానీ జీనత్ గానీ నల్లపులితో జతకడితే పుట్టే పిల్లల్లో ఒక్కటి కూడా నల్లగా ఉండదు. తల్లి నుంచి మామూలు జన్యువే వస్తుంది కాబట్టి అన్నీ పసుపు చారలతోనే పుడతాయి. అంటే పథకం ఎంత బాగా పనిచేస్తే నల్లపులుల వాటా అంత తగ్గాలి. మరోపక్క 2024 జనవరిలో ఒడిశా ప్రభుత్వం బారిపదా దగ్గర ప్రపంచంలోనే మొదటి నల్లపులుల సఫారీ పెడతామని ప్రకటించింది. పర్యాటకులు ఫొటో కోసం అడిగేది నల్లపులినే. రేపు లెక్కింపులో వాటి సంఖ్య పడిపోతే 'నల్లపులులు అంతరిస్తున్నాయి' అని హెడ్‌లైన్ పడుతుంది, వాటిని పెంచాలనే ఒత్తిడీ వస్తుంది.

ఆ ఒత్తిడికి లొంగితే ఏమవుతుందో తెల్లపులి చూపిస్తుంది. 1951లో రీవా మహారాజు పట్టించిన మోహన్ అనే పిల్లను దాని కూతురితోనే జతకట్టించి తెల్లపిల్లల్ని తీశారు. రంగు నిలబడింది, దాంతోపాటు మెల్లకన్ను, ఇతర లోపాలూ నిలబడ్డాయి. హైదరాబాద్, విశాఖ, తిరుపతి జూలలో మనం పిల్లల్ని ఎత్తుకుని చూపించే తెల్లపులి అరుదైన జాతేమీ కాదు. ఒక రంగు కోసం మనిషి వరుసలు చూడకుండా కలిపిన ఫలితం. అడవిలో చివరి తెల్లపులి 1958లో కాల్పుల్లో పోయింది.

నల్లరంగును ఎవరూ తుడిచిపెట్టడం లేదు కూడా. తడోబా పులుల పిల్లల్లో ఆ మార్పు దాగి ఉంటుంది, అలాంటి రెండు కలిస్తే నాలుగింట ఒక పిల్ల మళ్లీ నల్లగా పుట్టొచ్చు. సిమిలిపాల్ చీకటిలో నలుపుకు నిజంగానే లాభం ఉంటే, గుంపు పెద్దదై రకరకాల జన్యువులు చేరాక ప్రకృతి వరణమే దాన్ని మళ్లీ పైకి తెస్తుంది. అప్పుడు అది లాటరీ కాదు. ఇక రెండు పులులతో పని అయిపోదు. తరానికి కనీసం ఒక్కటైనా బయటి జంతువు వచ్చి పిల్లల్ని కనాలన్నది సంరక్షణ జన్యుశాస్త్రంలో వాడుకలో ఉన్న లెక్క. అందుకే వచ్చే లెక్కింపుల్లో ఎన్ని పులులు, ఎన్ని నల్లవి అనే రెండు గడుల పక్కన మూడో గడి కావాలి: బయటి నుంచి వచ్చిన రక్తం ఎన్ని పిల్లల్లో ఉంది? మలం నమూనాలు ల్యాబుకు పంపితే తెలిసిపోయే విషయమే అది.