ఖల్లివల్లి అయ్యేది ఎక్కడ? కడప-కువైట్ దారి వెనుక చట్టాల కథ

కువైట్‌లో ఆమ్నెస్టీ, అంటే కాగితాల్లేనివాళ్లకు క్షమాభిక్ష ప్రకటించిన ప్రతిసారీ రాజంపేట, రాయచోటి పక్క ఊళ్లలో ఫోన్లు ఆగకుండా మోగుతాయి. 2018లో అదే, 2020 ఏప్రిల్‌లో కరోనా మధ్యనా అదే. 2024లో మార్చి 17 నుంచి జూన్ చివరిదాకా గడువిచ్చారు. ఆకామా, అంటే అక్కడ ఉండే అనుమతి లేనివాళ్లు జరిమానా కట్టకుండా ఇంటికి పోవచ్చన్నారు. ఉండాలనుకుంటే 600 దినార్లదాకా కట్టి కాగితాలు సరిచేసుకోవచ్చన్నారు. ఇట్లా కాగితాల్లేకుండా మిగిలిన మనిషిని గల్ఫ్ పోయినోళ్లు 'ఖల్లివల్లి' అంటారు.

అక్కడ తనిఖీలు ముమ్మరమైతే ఇక్కడ రచ్చబండ మీద కూడా "దొంగతనంగా ఉంటే పట్టుకోరా?" అనేవాళ్లున్నారు. నాకు ఆ మాట మింగుడు పడదు. ఇంటిపనికి పోయిన ఆడమనిషి వీసా ఆ ఇంటి యజమాని, అంటే కఫీల్ పేరుతో ముడిపడి ఉంటుంది. పాస్‌పోర్టు చాలాసార్లు ఆయన బీరువాలోనే. జీతమివ్వలేదనో, కొట్టారనో ఆ గడప దాటిందా, పారిపోయిందని కేసు పెడతారు, ఆకామా పోతుంది. దెబ్బలు తిన్న మనిషే నేరస్తురాలవుతుంది. ఇంటిపనివాళ్ల కోసం కువైట్ 2015లో ప్రత్యేక చట్టం తెచ్చింది, మరుసటి ఏడాది కనీస జీతం 60 దినార్లుగా పెట్టింది. కఫీల్ ముడి మాత్రం విప్పలేదు.

మన వైపు కథ ఇంకా పాతది. 1922 నాటి వలస చట్టం స్థానంలో 1983లో కొత్తది వచ్చింది. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ (వలస తనిఖీ తప్పనిసరి) కింద ఉంటుంది. గల్ఫ్‌కు పనికి పోవాలంటే వాళ్లకు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే కేంద్ర ప్రభుత్వ అధికారి అనుమతి కావాలి. 2007లో ఈసీఆర్ మహిళలకు 30 ఏళ్ల వయసు నిబంధన పెట్టారు. 2016లో ఇంకా బిగించి, వాళ్లను ఓంక్యాప్ లాంటి ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్నారు.

ఉద్దేశం మంచిదే. కానీ వానలు ముఖం చాటేసి, వేరుశనక్కాయ పెట్టుబడి కూడా తిరిగిరాని ఇంట్లో పాతికేళ్ల అమ్మాయి ముప్పై నిండేదాకా ఆగుతుందా? అప్పు ఆగదు కదా. ఊళ్లో సబ్ ఏజెంట్ ఉండనే ఉన్నాడు. పాస్‌పోర్టులో వయసు పెంచిస్తాడు, లేదంటే విజిట్ వీసా మీద దుబాయ్ చేర్చి అక్కడినుంచి దాటిస్తాడు. అట్లా పోయిన మనిషి వివరం మన ప్రభుత్వ లెక్కల్లో ఉండదు. ఆపద వచ్చి ఎంబసీ తలుపు తట్టినప్పుడు చూపడానికి ఒప్పంద పత్రమూ ఉండదు.

సర్కారు అనుమతి ఉన్న ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై పన్ను మించి తీసుకోకూడదు. లైసెన్సు లేకుండా మనుషులను పంపినవాడికి 1983 చట్టంలో రెండేళ్లదాకా జైలు, 2,000 రూపాయలదాకా జరిమానా రాశారు. ఆ రెండు వేలు నలభై ఏళ్లు దాటినా అట్లాగే ఉన్నాయి.

2021లో కొత్త బిల్లు ముసాయిదా పెట్టారు, 2025లో మరొకటి. ఏజెంట్ల లైసెన్సుల మీద, జరిమానాల మీద వాదనలు నడిచాయి. నాకైతే రాయచోటి బస్టాండు దగ్గర టీ తాగుతూ పాస్‌పోర్టులు పోగుచేసుకునే సబ్ ఏజెంట్‌ను ఎవరు పట్టుకుంటారన్నదే అడగాలని ఉంది. పాస్‌పోర్టు లేనివాళ్లకు ఎంబసీ ఇచ్చే ఔట్‌పాస్ మీద, చేతిసంచితో దిగివచ్చిన అక్కలు మొదట చెప్పే పేరు వాడిదే.