మెమరీలో ఉన్న బ్లాక్ కూడా ఊరికే రాదు

చిరంజీవులకు ఆశీస్సులు.

డేటాబేస్ పనిలో కొత్తగా చేరినవాళ్లు బఫర్ కాష్ హిట్ రేషియో (అడిగిన బ్లాకుల్లో మెమరీలోనే దొరికినవాటి శాతం) 99 అని కనిపించగానే నిశ్చింతగా ఉండిపోతారు. అన్నీ మెమరీలోనే దొరుకుతున్నాయి, డిస్క్ దాకా పోవాల్సిన పనే లేదు, ఇక దిగులెందుకని. సరిగ్గా అప్పుడే సీపీయూ వంద శాతానికి చేరుతుంది, డిస్కులు ఖాళీగా ఉంటాయి, స్క్రీన్ కదలడం లేదని యూజర్ల ఫోన్లు మొదలవుతాయి. ఒరాకిల్‌లో ఇలా ఎందుకవుతుందో చెప్తాను.

డిస్క్ నుంచి తెచ్చిన డేటా బ్లాకులు, మామూలుగా ఒక్కోటి 8 కేబీ, బఫర్ కాష్ అనే మెమరీ భాగంలో ఉంటాయి. లక్షల బ్లాకుల్లో కావలసినది చటుక్కున దొరకాలి కాబట్టి, బ్లాక్ అడ్రసును హాష్ చేసి, అంటే ఒక సూత్రంతో సంఖ్యగా మార్చి, దాన్నిబట్టి ఒక్కో గొలుసుకు తగిలిస్తారు. ఆ గొలుసులకు కాపలా లాచ్ అనే గడియ. ఒక్కో లాచ్ కింద చాలా గొలుసులుంటాయి. దీని పేరే కాష్ బఫర్స్ చెయిన్స్ లాచ్.

లాక్‌నూ లాచ్‌నూ కలిపేయకండి. లాక్ రేషన్ షాపు ముందు వరుస లాంటిది, ముందు వచ్చినవాడికి ముందు. లాచ్ దగ్గర అలాంటి వరుస హామీ లేదు. దాన్ని పట్టుకునేది మైక్రోసెకన్ల పాటే. దొరకని ప్రాసెస్ పక్కకు పోకుండా, సీపీయూ మీదే తిరుగుతూ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. దీన్నే స్పిన్ అంటాం. అప్పటికీ దొరక్కపోతే నిద్రలోకి పోతుంది. సీపీయూ మండిపోతున్నా పని సాగకపోవడానికి కారణం ఈ స్పిన్నే.

'ఉత్త చదవడమేగా, పదిమంది ఒకేసారి చదువుకోవచ్చుగా' అని మీకు అనిపించొచ్చు. కానీ బ్లాక్ చదివేముందు దాన్ని పిన్ చేయాలి, అంటే వాడుతున్నామని గుర్తు పెట్టాలి. పిన్ చేయడమంటే ఆ బ్లాక్ వివరాలుండే బఫర్ హెడర్‌ను మార్చడమే. అందుకని చాలా సందర్భాల్లో పిన్ చేసేటప్పుడు ఒకసారి, వదిలేటప్పుడు ఒకసారి లాచ్ పట్టాల్సిందే.

లెక్క వేసి చూద్దాం. పన్ను రేట్ల టేబుల్‌లో 60 వరసలు, మొత్తం ఒకే బ్లాక్‌లో సరిపోయాయి. బిల్లులో ప్రతి లైనుకూ పీఎల్/ఎస్‌క్యూఎల్ అనే ఒరాకిల్ ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఒక ఫంక్షన్ రేటు వెతుకుతుంది. ఇండెక్స్ బ్లాక్ ఒకటి, టేబుల్ బ్లాక్ ఒకటి, వెరసి రెండు రీడ్లు. లైన్లు 50,000 అయితే లక్ష రీడ్లు. అదే ప్రోగ్రాంను 40 సెషన్లు (డేటాబేస్‌కు తగిలిన కనెక్షన్లు) ఒకేసారి నడిపితే 40 లక్షలు, అన్నీ ఆ రెండు బ్లాకుల మీదే. హిట్ రేషియో మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది! ఆ ఫంక్షన్ తీసేసి రెండు టేబుళ్లనూ కలిపే మామూలు జాయిన్ రాస్తే, హాష్ జాయిన్ పద్ధతిలో రేట్ల టేబుల్‌ను ఒక్కో సెషన్ ఒక్కసారి చదివితే చాలు.

పట్టుకోవడం ఎలాగంటే, ముందు సెషన్ల స్థితి చూపే వీ$సెషన్ అనే వ్యూలో 'లాచ్: కాష్ బఫర్స్ చెయిన్స్' అనే ఈవెంట్ మీద ఆగినవాళ్లను చూడండి. వాళ్ల పీ1రా కాలమ్‌లో ఉండేది లాచ్ అడ్రసు. అందరిదీ ఒకే అడ్రసైతే ఏదో ఒక బ్లాక్ వేడెక్కిందని అనుమానించాలి. రకరకాల అడ్రసులుంటే ఒక్క బ్లాక్ గొడవ కాదు, ఏదో క్వెరీ విపరీతంగా రీడ్లు చేస్తోందన్నమాట. ఈ తేడా తేల్చకుండా మందు వేయొద్దు.

ఒకే అడ్రసైతే సర్వాధికారాలుండే సిస్ యూజర్‌తో లాగిన్ అయి, బఫర్ హెడర్ల పట్టిక ఎక్స్$బీహెచ్‌లో హెచ్ఎల్ఏడీడీఆర్ (లాచ్ అడ్రసు కాలమ్) ఆ విలువకు సమానమైన బ్లాకులను టీసీహెచ్ ఎక్కువ నుంచి తక్కువకు పేర్చండి. టీసీహెచ్ అంటే టచ్ కౌంట్. ఇది నిజమైన రీడ్ల లెక్క కాదు. మామూలుగా మూడు సెకన్లకు ఒకసారికి మించి పెరగదు, మధ్యలో సున్నాకు పడిపోతుంది కూడా. అందుకే నాలుగైదుసార్లు చూడండి. ప్రతిసారీ పైన కనిపించే బ్లాకే మీ దొంగ. ఓబీజే విలువను డీబీఏ_ఆబ్జెక్ట్స్‌లో డేటా_ఆబ్జెక్ట్_ఐడీతో కలిపితే టేబులో ఇండెక్సో పేరుతో సహా తెలుస్తుంది. ఆగిన సెషన్లు నడిపే క్వెరీ గుర్తు, ఎస్‌క్యూఎల్_ఐడీ కూడా రాసుకోండి, అసలు మరమ్మతు చేయాల్సింది ఆ క్వెరీకే.

క్వెరీ మార్చే వీలు లేకపోతే, వేడి వరసలను ఎక్కువ బ్లాకుల్లోకి పరచడం ఇంకో దారి. పీసీటీఫ్రీ (బ్లాక్‌లో ఖాళీగా వదిలే శాతం) పెంచితే బ్లాక్‌కు తక్కువ వరసలు పడతాయి. పెంచినంత మాత్రాన పాత బ్లాకులు మారవు, టేబుల్‌ను మూవ్ చేయాలి. ఆన్‌లైన్ కాని మూవ్ తర్వాత ఇండెక్సులు అన్‌యూజబుల్ అవుతాయి, రీబిల్డ్ మరిచిపోతే మర్నాటి పొద్దున ఇంకో గొడవ. అందరూ ఒకే వరసను వెతుకుతుంటే మాత్రం ఈ పరచడం వల్ల లాభమేమీ లేదు.

సీక్వెన్స్ నంబర్లు చేరే ఇండెక్స్‌లో కుడి చివరి బ్లాక్ మీద రద్దీ ఉంటే హాష్ పార్టిషన్ చేయొచ్చు, అంటే ఇండెక్స్‌ను ముక్కలు చేసి రద్దీని పంచొచ్చు. కీ బైట్లను తిరగేసి దాచే రివర్స్ కీ కూడా పనికొస్తుంది గానీ, ఫలానా నుంచి ఫలానా వరకు అని వెతికే రేంజ్ స్కాన్లు పోతాయి.

చాలామంది చేసేది మెమరీ కొనడం. వేడి బ్లాక్ ఎప్పుడో మెమరీలోనే ఉంది కదా! సీపీయూలు పెంచితే ఒక్కోసారి పరిస్థితి ఇంకా దిగజారుతుంది, ఒకే లాచ్ కోసం స్పిన్ అయ్యేవాళ్లు పెరుగుతారు కాబట్టి. స్పిన్ కౌంట్ లాంటి దాచి ఉంచిన పారామీటర్ల జోలికి అసలు పోకండి.

మార్పు చేశాక వీ$లాచ్_చిల్డ్రన్‌లో గెట్స్ (లాచ్ అడిగినవి), మిసెస్ (వెంటనే దొరకనివి), స్లీప్స్ (నిద్రపోయినవి) చూస్తారు కదా, అవి ఇన్‌స్టన్స్ లేచిన దగ్గర్నుంచి పోగైన అంకెలు. రద్దీ వేళలో పది నిమిషాల తేడాతో రెండుసార్లు తీసి, రెండోదాంట్లోంచి మొదటిది తీసేయండి. మార్పుకు ముందు తీసిన తేడాను కూడా దాచుకోండి. ఒరాకిల్ వారి పనితీరు నివేదిక ఏడబ్ల్యూఆర్ రిపోర్టు ఈ తీసివేత తనే చేసి పెడుతుంది, కానీ దానికి డయాగ్నొస్టిక్స్ ప్యాక్ లైసెన్స్ కావాలి. అది లేనిచోట అలాంటిదే అయిన స్టాట్స్‌ప్యాక్ వాడుకోండి.

ఇట్లు,
మీ బాబాయి