ఐక్యూ 67 అంటే ఎంత?

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో, వైకల్య సర్టిఫికెట్ కోసం పెట్టే సదరం క్యాంపు కోసం చేసిన పరీక్షలో ఒక పిల్లవాడికి ఐక్యూ 67 వచ్చిందనుకోండి. ఇంట్లోవాళ్లు దాన్ని నూటికి 67 మార్కులనుకుంటారు. నిజానికి తన ఈడు పిల్లల సగటును 100గా పెట్టుకుంటే వాడు ఎక్కడున్నాడో చెప్పే అంకె అది. మూడింట రెండు వంతుల మంది 85కూ 115కూ మధ్యే ఉంటారు. 70కి దిగువన ఉండేది నూటికి సుమారు ఇద్దరు.

ఎంత మంచి పరీక్షకైనా ఐదారు పాయింట్లు అటూఇటూ కావడం మామూలే. కాబట్టి 67 వచ్చిన పిల్లవాడి అసలు స్థాయి 61 కావచ్చు, 73 కావచ్చు. అందుకే ఆ ఒక్క అంకెతో బుద్ధిమాంద్యం అని తేల్చకూడదు. బట్టలు తనే వేసుకుంటాడా, కొట్టుకు పోయి చిల్లర సరిచూసుకుని వస్తాడా అని తల్లిని అడిగి, రోజువారీ పనులు ఎంతవరకు చేసుకోగలడో కొలిచే వైన్‌లాండ్ స్కేల్ కూడా నింపుతారు. 'అన్నీ నేనే చేస్త సార్' అని తల్లి అంటే అక్కడ ఆగాలి. వాడికి చేతకాదా, ఆమె చేయనివ్వలేదా? ఈ రెండూ ఒకటి కావు.

'7, 2, 9' అని వినిపించి వెనక నుంచి చెప్పమంటే పిల్లవాడు మనసులో ఎన్ని అంకెలు పట్టి ఉంచగలడో తెలుస్తుంది. బొమ్మల వరుసలో తర్వాతిది ఏదో అడిగితే పోలిక పట్టే శక్తి తెలుస్తుంది. బడి చదువు ఎలా సాగుతుందో ఊహించడానికి ఇవి బాగానే పనికొస్తాయి. పట్టుదల, చేతిపని, నలుగురితో మెలిగే తీరు మాత్రం ఇందులోకి రావు.

దేవరకొండ వైపు తండాల్లో పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. వాళ్లను తెలుగు పదాలకు అర్థాలు అడిగితే కొలిచేది చాలావరకు తెలుగునే. సెగాన్ ఫారమ్ బోర్డులో పది చెక్క ఆకారాలను గుంటల్లో పెట్టించి, మూడుసార్లలో తక్కువ పట్టిన సమయాన్ని లెక్కిస్తారు. ఇక్కడ భాష అడ్డు తగ్గుతుంది గాని, చూపు మందగించిన పిల్లవాడు వెనకబడతాడు. అప్పటి పిల్లల సగటు ఇప్పటికంటే తక్కువ కాబట్టి, 1960ల నాటి ప్రమాణాలతో దిద్దితే అంకె ఉన్నదానికంటే పెద్దగా వస్తుంది, అవసరమున్న పిల్లవాడికి సర్టిఫికెట్ చేజారవచ్చు.

నల్లగొండలో ఫ్లోరైడ్ ప్రశ్న తప్పదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లకూ, పిల్లల ఐక్యూ కాస్త తగ్గడానికీ సంబంధం ఉందని అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ 2024లో తేల్చింది. అది గుంపుల మధ్య కనిపించే తేడా. ఒక్క పిల్లవాడి 67కు నీళ్లే కారణమని ఏ పరీక్షతోనూ చెప్పలేం. బోరు నీళ్లు ల్యాబుకు పంపండి, వాడికి వినికిడి, చూపు, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. వాటిలో ఏ లోపం బయటపడినా ముందు దానికి వైద్యం చేయించి, ఆ తర్వాతే ఐక్యూ మళ్లీ చూడమని అడగండి.