శిఖరం చేరితే దారి సగమే: కొండ దాటే ఒక్కరోజు నడకపై అపోహలు - వాస్తవాలు

నాతో నడవడానికి పేరు ఇచ్చినవారు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: "పైకి చేరడానికి ఎంతసేపు పడుతుంది?" అవతలి వైపు దిగి రోడ్డు మీదికి రావడానికి ఎంతసేపు పడుతుందని అడిగేవారు చాలా అరుదు. నది ఒడ్డున పొద్దున్నే బయలుదేరి, శిఖరం మీదుగా కొండ దాటి, చీకటి పడకముందే అవతలి లోయలోకి దిగే నడకలకు జనాన్ని తీసుకెళ్లడం నా పని. ఈ పనిలో నేను చూసిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఆ అడగని ప్రశ్న దగ్గరే మొదలయ్యాయి. అందుకే ముందు దీని సంగతి తేల్చి, మిగతావి తర్వాత చూద్దాం.

అపోహ: శిఖరం చేరితే గెలిచినట్టే, గంటలో దిగిపోవచ్చు

దిగేటప్పుడు ఆయాసం ఉండదు కాబట్టి శ్రమ లేదనిపిస్తుంది. ఊపిరి తేలికపడినంత మాత్రాన కాళ్లకు విశ్రాంతి దొరికినట్టు కాదు. ఎక్కేటప్పుడు తొడ కండరాలు ముడుచుకుంటూ మనల్ని పైకి నెడతాయి. దిగేటప్పుడు అవే కండరాలు సాగుతూ, ప్రతి అడుగుకూ ఒంటి బరువును ఆపాలి. సాగుతూ బరువు మోసే కండరం ఎక్కువగా దెబ్బతింటుంది. నడక అయిన మర్నాడు, ఆ మర్నాడు మెట్లు దిగలేక గోడ పట్టుకోవడానికి కారణం ఇదే. పైగా ఆ పని చేయాల్సింది అప్పటికే నాలుగు గంటలు ఎక్కి అలసిన కండరాలు. ఆల్ప్స్ పర్వతాల్లో నడిచేవారి ప్రమాదాలను పరిశీలించినవారు కూడా ఇదే చెప్పారు: కాలు జారి పడిపోయిన ఘటనల్లో ఎక్కువ భాగం దిగేటప్పుడు జరిగినవే.

ఒక బృందంలో ఒక కుర్రాడు ఉండేవాడు. రోజూ పరుగెత్తే అలవాటు, మంచి ఒడ్డూ పొడవూ. అందరికంటే ముందు శిఖరం ఎక్కేసి, వెనక వచ్చేవారిని కేకలు వేసి ఉత్సాహపరిచాడు. అవతలి వైపు దిగుడు మొదలైన గంటకు అతని తొడలు వణకడం చూశాను. నిలబడి ఉన్నప్పుడు కూడా మోకాలి పైభాగం అదురుతూ ఉంది. "ఏమీ లేదండీ, బాగానే ఉన్నాను" అంటూనే చిన్న రాయి మీద అడుగు పెట్టి చీలమండ మెలిపెట్టుకున్నాడు. ఎముక విరగలేదు. అయినా మిగిలిన దారంతా ఇద్దరి భుజాల మీద చేతులు వేసి దిగాల్సి వచ్చింది. గంటన్నర దారికి మూడు గంటలకు పైగా పట్టింది. అతనిలో బలానికి లోటు లేదు, ఉన్న బలమంతా పైకి ఎక్కడానికే ఖర్చు పెట్టేశాడు.

ఇప్పుడు లెక్కకు వద్దాం. 1892లో విలియం నాయిస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు ఒక సూత్రం ఇచ్చాడు. దాన్ని మన కొలతల్లో చెప్పుకుంటే 5 కిలోమీటర్ల నడకకు ఒక గంట, 600 మీటర్ల ఎత్తుకు అదనంగా మరో గంట. తర్వాత ఎరిక్ లాంగ్‌మ్యూర్ అనే మరో పర్వతారోహకుడు దీనికి దిగుడు లెక్క కలిపాడు: 5 నుంచి 12 డిగ్రీల వాలులో దిగితే ప్రతి 300 మీటర్లకు 10 నిమిషాలు తీసివేయాలి, వాలు 12 డిగ్రీలు దాటితే 10 నిమిషాలు కలపాలి. నిటారు దిగుడు మన వేగాన్ని తగ్గిస్తుందని పర్వతాలు తెలిసినవారి లెక్కలోనే ఉందన్నమాట.

ఒక ఉదాహరణ తీసుకోండి. నది ఒడ్డు నుంచి శిఖరానికి 6 కిలోమీటర్లు, 900 మీటర్ల ఎత్తు. అవతల 6 కిలోమీటర్ల దిగుడు, అందులో పైనున్న 600 మీటర్ల ఎత్తు బాగా నిటారు. సూత్రం ప్రకారం ఎక్కడానికి 2 గంటల 42 నిమిషాలు. దిగడానికి, కింది సులువైన వాలుకు ఏమీ తగ్గించకుండా, సుమారు గంటన్నర. అయితే ఇది ఆగకుండా నడిచే, అలవాటున్న మనిషి లెక్క. కొత్తవారున్న బృందానికి నేను ఒకటిన్నర రెట్లు వేస్తాను: ఎక్కడానికి 4 గంటలు, దిగడానికి 2 గంటల 20 నిమిషాలు. దిగేది అలసిన కాళ్లతో కాబట్టి ఆ రెండోదాన్ని 3 గంటలుగానే రాసుకుంటాను. సూర్యాస్తమయం ఆరు గంటలకైతే నాలుగున్నరకు రోడ్డు మీద ఉండాలి. అంటే ఒంటిగంటన్నరకు శిఖరం నుంచి కదలాలి. పైన అరగంట కూర్చోవాలంటే ఒంటిగంటకు అక్కడికి చేరాలి. దారిలో ఆగే ముప్పావుగంట కూడా కలిపితే, ఉదయం ఎనిమిదింబావు తర్వాత బయలుదేరడమే తప్పు. నేను ఏడింటికి బయలుదేరదీస్తాను. "అంత పొద్దున్నే ఎందుకండీ" అని ఎవరో ఒకరు విసుక్కుంటూనే ఉంటారు. విసుక్కున్నా సరే, ఏడింటికే కదులుతాం.

ఈ లెక్కలో అందరూ మరచిపోయే విషయం ఇంకొకటి ఉంది. క్యాలెండర్‌లో రాసిన సూర్యాస్తమయ సమయం లోయకు వర్తించదు. తూర్పు వైపు దిగుతున్నామంటే సూర్యుడు మన వెనకున్న కొండ చాటుకు ఎప్పుడో వెళ్లిపోతాడు. ఆకాశం తెల్లగానే ఉంటుంది, చెట్ల కింద మాత్రం వేరుకూ రాయికీ తేడా తెలియదు. ఎండలో బయలుదేరినా సరే, తలకు పెట్టుకునే లైటు ప్రతి ఒక్కరి సంచిలోనూ ఉండాలి. ఫోను లైటు పట్టుకుంటే ఒక చెయ్యి పోయినట్టే, దిగుడులో రెండు చేతులూ కావాలి.

ఒంటిగంటకు శిఖరం మీద లేకపోతే వెనక్కి తిరగడమే. శిఖరం కళ్లెదుటే ఉన్నా, ఇంకో ఇరవై నిమిషాల దూరమే అయినా. ఈ సమయాన్ని కింద, నది ఒడ్డున, అందరూ తాజాగా ఉన్నప్పుడే చెప్పి ఒప్పించాలి. పైకి వచ్చాక ఎవరూ ఒప్పుకోరు.

ఒప్పుకోకపోవడానికి పట్టుదల ఒక్కటే కారణం కాదు. ఎక్కిన దారినే దిగే కొండల్లో వెనక్కి తిరిగితే బండి దగ్గరికే వస్తాం. కొండ దాటే నడకలో బండి అవతల ఉంటుంది. "బండి అటు ఉంది కదా, వెనక్కి వెళ్లి ఏం చేస్తాం?" ఈ మాట విన్న ప్రతిసారీ నాకు కోపం వస్తుంది. ఆ ఒక్క ఆలోచనతో మబ్బు కమ్మినా, కాలు నొప్పి పెట్టినా, పొద్దు వాలినా జనం ముందుకే పోతారు. దీనికి విరుగుడు ముందురోజే చేసుకోవాలి. ఫలానా వేళకు అవతలి వైపు కనబడకపోతే ఇవతలి నది ఒడ్డుకు రావాలని బండి నడిపేవారితో మాట్లాడుకోండి. లోయలో ఫోను పనిచేయకపోవచ్చు, కాబట్టి అప్పటికప్పుడు చెబుదామనుకోవద్దు. వెనక్కి వచ్చే ఏర్పాటు ఉన్న మనిషికి వెనక్కి తిరగడం కష్టమనిపించదు.

దిగే ముందు శిఖరం మీదే చేయాల్సిన పని ఒకటుంది: బూట్ల తాళ్లు విప్పి మళ్లీ కట్టుకోవడం. మడమను బూటు వెనక్కి గట్టిగా ఆనించి, చీలమండ దగ్గర తాడు బిగించండి. కాలివేళ్ల దగ్గర కాస్త వదులుగా ఉండనివ్వండి. ఇలా చేయకపోతే పాదం ముందుకు జారుతూ బొటనవేలు ప్రతి అడుగుకూ బూటు ముక్కుకు తగులుతుంది. సాయంత్రానికి గోరు నల్లబడుతుంది. గోళ్లు ముందురోజే పొట్టిగా కత్తిరించుకుంటే ఇంకా మంచిది. చేతికర్రలు ఉంటే దిగుడులో కొంచెం పొడవు పెంచుకోండి, మోకాళ్ల మీద భారం తగ్గుతుంది.

అపోహ: దారి తప్పితే వాగు వెంట దిగితే చాలు, ఊరు వస్తుంది

ఈ పుకారు ఎక్కడ పుట్టిందో గానీ దీన్ని నమ్మేవారు లెక్కలేనంత మంది. నీరు కిందికే పోతుందన్నది నిజం, కానీ నీరు దూకగలిగిన చోట మనిషి దూకలేడు. కొండవాగు దగ్గరిదారి వెతుక్కుంటుంది, అంటే జలపాతాలు, ఇరుకు గండ్లు, పాకుడు పట్టిన బండలు. ఒక సాయంత్రం దిగుతుండగా మాకు కుడివైపు నుంచి సన్నగా కేకలు వినిపించాయి. మా బృందం వారు కాదు. ఇద్దరు స్నేహితులు దారి వదిలి వాగులోకి దిగారు. రెండు చోట్ల బండల మీద నుంచి కిందికి జారారు, మూడోచోట జలపాతం తలమీదికి చేరారు. ముందుకు దారి లేదు, జారి వచ్చిన బండలు మళ్లీ ఎక్కలేరు. నీటి హోరులో వారి కేకలు మాకు వినబడటమే అదృష్టం. తాడు వేసి పైకి తీసేసరికి వారిలో ఒకరికి పళ్లు పటపట కొట్టుకుంటున్నాయి. వారిని తిట్టాలని నాకు అనిపించలేదు. చిన్నప్పటి నుంచి విన్న మాటనే పాటించారు పాపం.

దారి తప్పామనిపిస్తే ముందు ఆగండి. చివరిసారి బాట స్పష్టంగా కనబడిన చోటు గుర్తుందంటే, పైకి ఎక్కాల్సి వచ్చినా సరే, అక్కడికి తిరిగి వెళ్లండి. అది సాధ్యం కాకపోతే ఉన్నచోటే ఉండి ఈల వేయండి: నిమిషంలో ఆరుసార్లు, తర్వాత ఒక నిమిషం ఆగి మళ్లీ ఆరుసార్లు. ఇది పర్వతాల్లో అందరూ గుర్తించే ఆపద సంకేతం. జవాబు నిమిషానికి మూడు ఈలలుగా వస్తుంది. గొంతు అరగంటలో పోతుంది, ఈల పోదు.

మిగతావి త్వరగా చెబుతాను.

లోయలో మంచు కమ్మిందంటే పైన కూడా ఏమీ కనబడదనుకుని ఇంటికి వెళ్లిపోయేవారు ఉన్నారు. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి లోయలో నిలుస్తుంది, పొగమంచు దానిలోనే ఉంటుంది. పైన ఆకాశం నిర్మలంగా ఉండవచ్చు. అసలు జాగ్రత్త మధ్యాహ్నం మబ్బుల గురించి పడాలి. ఎండకు వేడెక్కిన గాలి కొండ వాలు వెంట పైకి లేచి, శిఖరాల మీదే ఉరుముల మబ్బవుతుంది. మెరుపు కనబడ్డాక ఉరుము వినబడేలోగా సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై సెకన్లలోపు వినబడితే పిడుగు మీ దాకా రాగలదు. శిఖరం, ఒంటరి చెట్టు వదిలి కిందికి దిగండి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ పైకి వెళ్లకండి.

పైన ఎండగా ఉంటుంది కాబట్టి వెచ్చగా ఉంటుందన్నది ఇంకో భ్రమ. ప్రతి 1,000 మీటర్లకు ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది, గాలి తోడైతే ఒళ్లు ఇంకా త్వరగా చల్లబడుతుంది. చెమటకు తడిసిన నూలు చొక్కా ఆరదు. పొడి చొక్కా ఒకటి సంచిలో పెట్టుకోండి. అదే సమయంలో ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఎత్తుతో పెరుగుతాయి, చల్లగా ఉన్నా చర్మం కాలుతుంది.

"మోకాలి లోతే కదా" అని నది దాటేవారికి: లోతు కాదు, వేగం చూడండి. వడిగా పారే నీరు మోకాలి కిందే ఉన్నా మనిషిని పడగొడుతుంది. మంచు కరిగి వచ్చే నదిలో పొద్దున ఉన్న మట్టం సాయంత్రం ఉండదు. ఎగువన వాన పడితే ఎండలోనే నీరు పెరుగుతుంది. నీరు బురద రంగుకు మారితే దాటకండి. దాటక తప్పకపోతే సంచి నడుము పట్టీ విప్పుకోండి, బూట్లు మాత్రం విప్పకండి.

సిగ్నల్ లేకపోతే ఫోనులో జీపీఎస్ పనిచేయదన్నది అబద్ధం. జీపీఎస్ ఉపగ్రహాల నుంచి వస్తుంది, దానికి మొబైల్ టవర్‌తో పని లేదు. మ్యాపు మాత్రం ముందే దించుకుని ఉండాలి. సిగ్నల్ వెతికి వెతికి బ్యాటరీ అయిపోతుంది కాబట్టి ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి.

నీళ్లు ఎంత తాగితే అంత మంచిదన్నదీ నిజం కాదు. గంటల తరబడి చెమట పోస్తూ ఉత్త నీళ్లే అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. దాహాన్ని బట్టి తాగండి, మధ్యలో ఉప్పగా ఏదైనా తినండి.

చివరగా, భయపడుతూ నన్ను అడిగేవారికి. "నేను నెమ్మదిగా నడుస్తానండీ, అందరికీ ఇబ్బంది అవుతుందేమో" అని ఒకామె నడకకు ముందురోజు రాత్రి ఫోను చేశారు. రానని చెప్పడానికే చేశారని గొంతులో తెలిసింది. మర్నాడు ఆమెను అందరికంటే ముందు నడిపించాను. నెమ్మదిగా నడిచేవారు వెనక ఉంటే, ముందున్నవారు ఆగి కూర్చుని, వీరు చేరగానే లేచి కదులుతారు. అలసినవారికే విశ్రాంతి దొరకదు. ముందు ఉంటే బృందమంతా వారి వేగానికి సర్దుకుంటుంది. మాట్లాడుతూ నడవగలిగిన వేగమే సరైన వేగం అని ఆమెకు చెప్పాను. ఆ వేగంతోనే శిఖరం దాటాం, దిగుడులో ఆమె ఒక్కసారి కూడా జారలేదు.

ఎక్కుడులో ఆయాసం వస్తే ఎత్తు జబ్బు వచ్చిందని బెదిరిపోవద్దు. అది సాధారణంగా 2,500 మీటర్లు దాటాకే మొదలవుతుంది. అంతకన్నా తక్కువ ఎత్తులో వచ్చే ఆయాసం ఎక్కువగా వేగం వల్లే, రెండు నిమిషాలు నిలబడితే తగ్గుతుంది. నిలబడినా తగ్గకపోతే, ఛాతీలో నొప్పి గానీ బిగుతు గానీ ఉంటే, కళ్లు తిరుగుతుంటే వెంటనే పక్కవారికి చెప్పండి. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవారు డాక్టరుతో మాట్లాడి, మందులు సంచి అడుగున కాకుండా పై జేబులో పెట్టుకుని రండి. ఏ మందు ఏ జేబులో ఉందో బయలుదేరే ముందే నాకు చూపించండి.