తెలుగులో నాన్ ఫిక్షన్ దొరకదా? షాపులో రోజూ వినే అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఒక పుస్తకాల షాపులో నాన్ ఫిక్షన్ అరలు చూసుకోవడం నా పని. చరిత్ర, సైన్సు, ఆత్మకథలు, వ్యవసాయం, ఆరోగ్యం, ప్రయాణాలు, ఎకనామిక్స్... కథ, నవల, కవిత్వం కానిదంతా మావాళ్లు నా వైపుకే తోసేస్తారు. వచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలు చాలావరకు అవే, వాటి వెనకున్న అపోహలూ అవే. గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు రాస్తున్నా.

అపోహ: తెలుగులో నాన్ ఫిక్షన్ అంటే వ్యక్తిత్వ వికాసం, భక్తి, గ్రూప్స్ గైడ్లు. అంతకుమించి ఏమీ లేవు.

వాస్తవం: షాపులోకి రాగానే ఎదురుగా బల్ల మీద ఉండేవి అవే, ఎందుకంటే మా అద్దె కట్టేవి అవే. మిగతావి వెనక అరల్లో నిలువుగా ఇరుక్కుని ఉంటాయి. పిన్ను కొట్టిన పల్చటి పుస్తకాలకైతే పక్క నుంచి పేరు కూడా కనబడదు, బయటికి లాగి చూస్తే తప్ప అందులో తేనెటీగల గురించి ఉందో తాళపత్రాల గురించి ఉందో తెలీదు. కనబడనివాటిని లేవనేస్తే ఎలా?

నిజానికి మన ఊళ్లో ఈ పని ఎప్పుడో మొదలైంది. 1906లో హైదరాబాద్‌లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. కొమర్రాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు లాంటివాళ్లు దాని వెనక ఉన్నారు. చరిత్ర, జీవిత చరిత్రలు, శాస్త్ర విషయాలు తెలుగులో మామూలు చదువరికి అందాలన్నది వాళ్ల పట్టుదల. వాళ్లు మొదట వేసిన పుస్తకం ఏంటో తెలుసా, అబ్రహాం లింకన్ జీవిత చరిత్ర. 1968లో కాలేజీ పాఠ్యపుస్తకాలు తెలుగులో వేసే తెలుగు అకాడమి వచ్చింది. అకాడమి పుస్తకాలు పరీక్షల కోసమేనని జనం పక్కన పెడతారు గానీ, భూగర్భ శాస్త్రమో వృక్ష శాస్త్రమో మొదటిసారి చదవబోయేవాళ్లకు పాత డిగ్రీ పుస్తకాన్ని మించింది లేదు, చాలావాటి చివర పారిభాషిక పదాల పట్టిక కూడా ఉంటుంది. కోఠి సెకండ్ హ్యాండ్ షాపుల్లో వీటిని కిందా మీదా వేసి వెతకాల్సిందే. ఇక విశ్వం గురించి, మనిషి పుట్టుక గురించి పత్రికా సంపాదకుడు నండూరి రామమోహనరావు రాసిన 'విశ్వరూపం', 'నరావతారం' ఇప్పటికీ అడిగి కొనుక్కునేవాళ్లున్నారు.

అపోహ: ముందు సబ్జెక్ట్ ఏదో తేల్చుకోవాలి, తర్వాత ఆ అర దగ్గరికెళ్లి వెతుక్కోవాలి.

వాస్తవం: ఎక్కువమంది ఇక్కడే దారి తప్పుతారు. "అన్నా, ఎకనామిక్స్ మీద మంచి బుక్ ఏదన్నా ఉందా?" అని వస్తారు. ఏం తెలుసుకోవాలనుంది తమ్ముడూ అంటే, కాసేపు ఆలోచించి, "బంగారం రేటు ఎందుకిలా పెరుగుతోందో" అంటారు. అలా చెప్తే నేను వెతకగలను. ఎకనామిక్స్ అని ఊరుకుంటే నా చేతిలోంచి వచ్చేది పాఠ్యపుస్తకమే, అది రెండో చాప్టర్ దాటదు.

పైగా పుస్తకం ఏ అరలో ఉందన్నది మా సౌకర్యం కోసం మేం పెట్టుకున్న ఏర్పాటు. 'హంపీ నుంచి హరప్పా దాక' అని పేరు చూసి ఎవరైనా పురావస్తు శాస్త్రం అరలో పెట్టేస్తారు, అది తిరుమల రామచంద్ర ఆత్మకథ. ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర' ప్రయాణాల అరలో ఉంటుంది, కొందరైతే తీసుకెళ్లి భక్తిలో పెడతారు. ఆయన చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒకరి భాష ఇంకొకరికి తర్జుమా చేసి చెప్పేవాడు. 1830 మేలో బయలుదేరి హైదరాబాద్, నాగపూర్ మీదుగా కాశీ వెళ్లి 1831 సెప్టెంబర్‌లో తిరిగొచ్చాడు. దారి ఎలా ఉంది, మజిలీలో నీళ్లున్నాయా, సరుకులు దొరుకుతాయా, అక్కడి జనం ఎలా బతుకుతున్నారు, అన్నీ రాసుకుంటూ పోయాడు. రైలు రాకముందు దేశం ఎలా ఉండేదో కావాలన్నవాళ్లకి నేను ముందు ఇచ్చేది ఇదే. అలాగే, పాతకాలంలో మనవాళ్లు ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు అని అడిగినవాళ్లకి సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' ఇస్తాను. తెలుగులో మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు, 1955లో, దానికే వచ్చింది. రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు చదివి విసిగిపోయి చరిత్ర అరవైపు రావడమే మానేసినవాళ్లకి ఇలాంటిదొకటి ఉందని ఎలా తెలుస్తుంది?

లైబ్రరీల్లోనూ ఇదే గొడవ. డ్యూయీ పద్ధతిలో, అంటే ఒక్కో విషయానికి ఒక్కో నంబరిచ్చి సర్దిన లైబ్రరీలో వరి సాగు 633లో ఉంటుంది, అన్నంతో చేసే వంటలు 641లో, ధాన్యం ధరల సంగతి 338లో. బియ్యం గురించి పూర్తిగా తెలుసుకోవాలంటే మూడు చోట్లకీ నడవాలి.

అపోహ: రేటింగ్స్, టాప్ టెన్ లిస్టులు చూస్తే చాలు.

వాస్తవం: ఇంగ్లిష్ పుస్తకాలకైతే కొంత పనికొస్తాయేమో. వెయ్యి కాపీలు వేసి నాలుగేళ్లు అమ్మే తెలుగు పుస్తకానికి ఆన్‌లైన్‌లో రేటింగ్ ఎవరిస్తారు? ఉన్నా అందులో సగం రచయిత బంధువులే.

అపోహ: కొన్నాక మొత్తం చదివితే గానీ మంచిదో కాదో తెలీదు.

వాస్తవం: నిలబడే తేల్చేయొచ్చు. అట్ట వెనక పొగడ్తలు వదిలేయండి. ముందు ముద్రణ వివరాల పేజీ తియ్యండి. "2019 ముద్రణ" అని పెద్దగా కనిపిస్తుంది, కిందికి పోతే మొదటి ముద్రణ ఎప్పుడో 1974. చరిత్రకైతే పర్లేదు, ఒక్కోసారి పాతదే నయం. ఆరోగ్యం, మందులు, టెక్నాలజీ అయితే మాత్రం అక్కడే పెట్టేసి రండి. ప్లూటోని 2006లో గ్రహాల జాబితాలోంచి తీసేశారు. కొత్త అట్టతో వచ్చిన పిల్లల సైన్సు పుస్తకంలో ఇంకా తొమ్మిది గ్రహాలుంటే, లోపల విషయాన్ని ఎవరూ ముట్టుకోలేదని అర్థం. అనువాదమైతే మూల గ్రంథం పేరు, అది వచ్చిన ఏడాది ఇచ్చారా చూడండి. ఇవ్వకపోతే నాకు అనుమానమే.

తర్వాత చివరి పేజీలు. ఆధార గ్రంథాల పట్టిక ఉంటే, ఈ పుస్తకం కొనకపోయినా ఆ పేజీ ఫోటో తీసుకోండి, తర్వాత చదవాల్సిన పది పుస్తకాలు అందులోనే ఉంటాయి. నా వరకు కొత్త పుస్తకాలు తెలిసేది ఎక్కువగా ఈ దారినే. ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పే పదసూచిక మాత్రం మన తెలుగు పుస్తకాల్లో చాలావరకు ఉండదు, ప్రచురణకర్తలు దీన్ని ఖర్చు కింద చూస్తారు, నాకు భలే కోపం వచ్చే విషయమిది.

ఆఖరికి, మీకు ఇదివరకే బాగా తెలిసిన విషయం ఆ పుస్తకంలో ఎక్కడుందో వెతికి ఆ రెండు పేజీలు చదవండి. హైదరాబాద్ చరిత్రనుకోండి, 1908 సెప్టెంబర్ మూసీ వరద దగ్గరికి వెళ్లండి. వరద వచ్చింది, జనం చనిపోయారు, నిజాం కంటతడి పెట్టాడు అని ముగించేస్తే ఆ రచయిత దగ్గర కొత్తగా ఏమీ లేదు. ఇంజనీరు విశ్వేశ్వరయ్యను పిలిపించడం, 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తవడం దాకా లాక్కొచ్చి, ఈ సంగతి ఫలానా చోట తీసుకున్నానని చెప్తే, మీకు తెలియని చాప్టర్లలో కూడా ఆయన మాట నమ్మొచ్చు.

అపోహ: లైబ్రరీలు పోటీ పరీక్షలవాళ్లకే. మిగతాదంతా ఫోన్లోనే దొరుకుతుంది.

వాస్తవం: చిక్కడపల్లి లైబ్రరీ చూసి ఈ మాట అంటారు, అక్కడ కుర్చీ దొరకడం కష్టమే. కానీ అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది, 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది. సుల్తాన్ బజార్‌లో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. అరల మధ్య తిరగనిస్తే తిరగండి, లేదంటే లైబ్రేరియన్‌ని మీ ప్రశ్న అడగండి, సబ్జెక్ట్ పేరు చెప్పి ఊరుకోకండి.

ఫోన్ విషయానికొస్తే, మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్లకు కాపీరైట్ తీరిపోతుంది, కాబట్టి పాతవి చాలా వికీసోర్స్‌లో, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉన్నాయి. కాకపోతే ఆర్కైవ్‌లో తెలుగు లిపిలో కొట్టి ఏమీ రాలేదని వదిలేస్తారు. స్కాన్ చేసినవాళ్లు పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో, దీర్ఘాలకి రెండేసి అక్షరాలు పెట్టి, పదాలన్నీ కలిపేసి ఎక్కించారు. రెండు మూడు రకాల స్పెల్లింగ్‌లతో, రచయిత ఇంటిపేరుతో కూడా కొట్టి చూడండి.

అపోహ: ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అమ్మే పాత పుస్తకాల్లో మంచిది దొరకడం అదృష్టం మీద ఆధారపడింది.

వాస్తవం: ఆదివారం పొద్దున్నే వెళ్లండి, అమ్మేవాళ్లతో మాట్లాడండి. ఏం వెతుకుతున్నారో తెలిస్తే వచ్చేవారానికి పక్కన తీసి పెట్టే భాయ్‌లున్నారు, వాళ్లకి పుస్తకాల గురించి మనకన్నా ఎక్కువే తెలుసు. బేరం మొదలుపెట్టే ముందు పేజీ నంబర్లు మాత్రం తిప్పి చూసుకోండి. పాత పుస్తకాల్లో ఎక్కువగా 16 పేజీల ఫారం (కలిపి అచ్చేసి మడిచి కుట్టిన పేజీల కట్ట) ఒకటి మొత్తంగా ఊడిపోయి ఉంటుంది, 32 తర్వాత నేరుగా 49 వచ్చేస్తే ఇంకో కాపీ అడగండి, లేకపోతే సగం ధరకి అడగండి.