బండి కింద పది లీటర్ల నీళ్లు

చిట్టీ, బుజ్జీ,

మీ ఉత్తరం అందింది. తెల్లారి లేచి చూస్తే కారవాన్, అదే మీ ఇల్లులాంటి బండి, కింద నేల మీద మంచుపలక కట్టి ఉందని రాశారు. వేడినీళ్ల కుళాయి తిప్పితే నీళ్లు రాకుండా బుసబుసమని గాలి వచ్చిందట. పడుకునే ముందు తానేదో మీట నొక్కిందని, దానివల్లే అంతా పాడైపోయిందని చిట్టి భయపడి, అమ్మకీ నాన్నకీ చెప్పకుండా నాకు రాసింది.

నువ్వేమీ పాడుచెయ్యలేదు తల్లీ. ఆ నీళ్లు పారబోసింది మీ హీటరే. తనను తాను కాపాడుకోవడానికి కావాలనే పారబోసింది.

నా చిన్నప్పుడు మా పెరట్లో ఒక రాగి బాయిలర్ ఉండేది. మూడు కాళ్ల మీద నిలబడ్డ పెద్ద రాగి బిందె అనుకోండి. దాని నడుమన కిందనుంచి పైదాకా ఒక బోలు గొట్టం. గొట్టంలో నిప్పులు, చుట్టూ నీళ్లు. పొగ పైనుంచి పోయేది, బూడిద కింద రాలేది. పొద్దున్నే నిప్పు రాజెయ్యడం నా పని. ఊదుడు గొట్టంతో ఊది ఊది బుగ్గలు నొప్పెట్టేవి. నీళ్లు కాగే ముందు అది సన్నగా పాడేది. ఆ పాట వింటూ దాని పక్కనే వీపు ఆనించి కూర్చునేవాణ్ణి. ఇప్పుడు ఈ ముక్క రాస్తుంటే వీపుకి ఆ వెచ్చదనం తగులుతోంది.

మీ బండిలో మంచం కింద పెట్టెలో ఉన్నది కూడా అచ్చం ఆ బాయిలరే. ట్రూమా కాంబీ అని దాని పేరు. నడుమన మంట, చుట్టూ పది లీటర్ల నీళ్లు. ఒక్కటే అదనం: ఒక ఫ్యాన్ బండిలోని గాలిని లాగి, ఆ వేడి లోహాన్ని ఒరుసుకుంటూ పోనిచ్చి, గొట్టాల్లోంచి మీ కాళ్ల దగ్గరికి వదులుతుంది. ఒక్క మంటతో స్నానానికి నీళ్లూ, పడుకోవడానికి వెచ్చదనమూ. మా బాయిలర్ పక్కన నేను కూర్చున్నట్టే, మీరూ దాని పక్కనే పడుకుంటున్నారన్నమాట. నిప్పు మాత్రం మీకు కనపడదు. నాలాగా ఊదేవాడు అక్కర్లేదు, 12 వోల్టుల బ్యాటరీ కరెంటుతో అదే వెలిగించుకుంటుంది. అందుకే బ్యాటరీ నీరసిస్తే సిలిండర్ నిండా గ్యాసున్నా హీటర్ వెలగదు. కరెంటు దొరికే చోట ఆగితే గ్యాసు లేకుండా కరెంటుతో నడిచేవి కూడా ఉన్నాయి. 900 వాట్లు, లేదా 1800 వాట్లు.

ఇక ఆ రాత్రి సంగతి. హీటర్ వేసే పడుకున్నామన్నారు. తెల్లవారుజామున దానంతటదే ఆగిపోయిందన్నారు. నాన్న సిలిండర్ ఊపితే లోపల గలగలమందని బుజ్జి రాశాడు. ఈ కథలో అసలు ఆధారం ఆ గలగలే. గ్యాసు ఉంది, కానీ బయటికి రాలేదు. సిలిండర్లో ఉన్నది ద్రవం. అది ఆవిరైతేనే మంటకి అందుతుంది. సిలిండర్ గ్యాసుల్లో బ్యూటేన్, ప్రొపేన్ అని రెండు రకాలు. బ్యూటేన్ సున్నా డిగ్రీలకి కాస్త కిందనే ఆవిరవడం మానేసి సిలిండర్లో ముడుచుకుని పడుకుంటుంది. ప్రొపేన్ అలా కాదు, సున్నాకి 42 డిగ్రీలు కిందికి పోయేదాకా ఆవిరవుతూనే ఉంటుంది. మీది బ్యూటేన్ సిలిండరై ఉంటుంది. నాన్నని దాని మీద రాసింది చదవమనండి. మంచు కురిసే చోట ప్రొపేన్ ఉండాలి, దానికి సరిపడే రెగ్యులేటరూ ఉండాలి.

గ్యాసు అందక మంట ఆరింది. మంట ఆరాక బండి లోపల చల్లబడుతూ చల్లబడుతూ పోయింది. హీటర్ పక్కన ఒక చిన్న వాల్వ్ ఉంటుంది. దాని చుట్టూ 3 డిగ్రీలకి చేరగానే టక్కున తెరుచుకుని నీళ్లన్నీ బండి కిందికి వదిలేస్తుంది. ఎందుకంటే నీళ్లు గడ్డకడితే వందకి సుమారు తొమ్మిది వంతులు ఉబ్బుతాయి. ఆ ఉబ్బుకి ఉక్కు తొట్టె కూడా పగులుతుంది. నేనొకసారి చలికాలంలో బండి మూలన పెట్టి, నీళ్లు తియ్యడం మర్చిపోయాను. ఆ పాతబండికి ఇలాంటి వాల్వ్ లేదు. వసంతంలో నీళ్లు పట్టి కుళాయి తిప్పితే మంచం కిందనుంచి ఊట మొదలైంది. ఆ చీలిక వెంట్రుకంత సన్నం. దాన్ని చూసి చాలాసేపు మాట్లాడలేకపోయాను.

మీ వాల్వ్ మళ్లీ మూసుకోనంటోందని నాన్న విసుక్కున్నాడట. 7 డిగ్రీలు దాటేదాకా అది మూసుకోదు, మొండితనం కాదు. ముందు నీళ్లు లేకుండానే హీటర్ వేసి గది వెచ్చబెట్టండి, దానికేం కాదు. ఆ తర్వాత మీట నొక్కితే నిలుస్తుంది. క్లిప్పులు పెట్టి, తాళ్లు కట్టి బిగించే పని మాత్రం చెయ్యవద్దని చెప్పండి. కాపలావాడి చేతులు కట్టేసినట్టు అవుతుంది. మూశాక పంపు వేసి, వేడినీళ్ల కుళాయి తెరిచి, తుప్పర్లు ఆగి ధార నిలకడగా వచ్చేదాకా వదలాలి. అప్పుడు తొట్టె నిండినట్టు.

చలిలో బండి వదిలి వెళ్లేటప్పుడు వాల్వ్ దానంతటదే తెరుచుకునేదాకా ఆగకండి, మీరే ఖాళీ చెయ్యండి. పంపు ఆపాలి, కుళాయిలన్నీ తెరవాలి. ఒకే కర్రతో వేడీ చల్లా తిరిగే కుళాయి అయితే కర్రని మధ్యన పెట్టాలి. షవర్ తల కిందికి దించాలి. ఇన్ని కుళాయిలు ఎందుకంటారా? ఒక స్ట్రాలో నీళ్లు పీల్చి పైన వేలితో మూసి ఎత్తండి. నీళ్లు జారవు. వేలు తీస్తే జారతాయి. గాలి లోపలికి పోతేనే నీళ్లు బయటికొస్తాయి. బండి కింద బకెట్ పెట్టి కొలవండి. పది లీటర్లు రావాలి. ఆరే వచ్చాయనుకోండి, మిగతా నాలుగూ లోపలే దాక్కున్నాయి. వాటికి మంచు తగిలితే ఏమవుతుందో పైన చెప్పాను.

మా బాయిలర్ లోపల ఏడాది తిరిగేసరికి తెల్లటి సున్నం పొర కట్టేది. అది కట్టాక కట్టెలు రెట్టింపు కాల్చినా నీళ్లు కాగేవి కావు. మీ దానికీ అదే జబ్బు వస్తుంది. తయారు చేసినవాళ్లు చెప్పిన పుల్లటి ద్రావణం పోసి, కాసేపు ఉంచి, నాలుగైదుసార్లు కడిగితే పోతుంది. ఈ పనులు నాన్నతో కలిసి మీరు చెయ్యొచ్చు. మంట ఉన్న పెట్టె మూత మాత్రం ఎవరూ విప్పకూడదు. గ్యాసు గొట్టాలూ, బర్నరూ ఏటా నేర్చినవాళ్లే చూడాలి.

మీ పక్కబండివాళ్ల దానిలో ఫ్యాన్ చప్పుడే లేదని బుజ్జి అడిగాడు. వాళ్లది ఆల్డే అనే ఇంకో రకం హీటర్ లాంటిదై ఉంటుంది. అందులో గాలికి బదులు గ్లైకాల్ (నీళ్లని గడ్డకట్టనివ్వని ద్రవం) కలిపిన నీళ్లు గోడల వెంట గొట్టాల్లో తిరుగుతాయి. ఆ ద్రవాన్ని రకాన్ని బట్టి కొన్నేళ్లకోసారి మార్చాలి.

ఇప్పుడొక సంగతి చెబుతాను, జాగ్రత్తగా వినండి. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక చలిరాత్రి నేనూ, మా తమ్ముడూ బొగ్గుల కుంపటి గదిలోకి తెచ్చుకుని, తలుపులూ కిటికీలూ బిగించి పడుకున్నాం. నడిరాత్రి మెలకువ వచ్చేసరికి తల పగిలిపోతోంది, కాళ్లు నా మాట వినడం లేదు. మా అమ్మ ఎందుకు లేచిందో తెలియదు కానీ, లేచింది. ఇద్దర్నీ ఈడ్చుకుంటూ వరండాలో పడేసింది. నిప్పుకి ఊపిరాడకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు.

మీ హీటర్ గదిలోని గాలిని మంటకి వాడుకోదు. గోడలోంచి బయటికి ఒకదానిలో ఒకటి దూరిన రెండు గొట్టాలున్నాయి. ఒకదాంట్లోంచి పొగ పోతుంది, ఇంకోదాంట్లోంచి బయటిగాలి మంటకి వస్తుంది. దాని మూతిని ఆకులూ, మంచూ మూసెయ్యకుండా చూడటం ఇకనుంచి బుజ్జి ఉద్యోగం. చలేస్తోందని వంటపొయ్యి వెలిగించి గది వెచ్చబెట్టుకోవద్దు. నేలలో చిన్న కన్నాలుంటాయి, వాటి మీద చాప పరచొద్దు. గ్యాసు గాలికన్నా బరువు, కారితే కిందికి దిగి ఆ కన్నాల్లోంచే పోవాలి. గోడమీద కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉంటుంది. దాని బొత్తాం వారానికోసారి నొక్కి కూత వినడం చిట్టి పని.

బాయిలర్‌తో ఇంకా పోలుద్దామనుకున్నాను కానీ ఇక్కడ పోలిక చాలదు. మా దాంట్లో కట్టె కాలితే బూడిద మిగిలేది. ప్రొపేన్ కాలితే ఏం మిగులుతుందో తెలుసా? కార్బన్ డయాక్సైడూ, నీళ్లూ. గ్యాసులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. కిలో గ్యాసు కాలితే కిలోన్నరకి పైగానే నీళ్లు పుడతాయి. నిప్పులోంచి నీళ్లు! ఇన్నేళ్లయినా నాకిది నమ్మబుద్ధి కాదు.

రేపు చీకటి విడకముందే లేచి, స్వెట్టర్లు వేసుకుని, బండి పక్కకి వెళ్లండి. హీటర్ నడుస్తున్నప్పుడు ఆ గొట్టం మూతికి రెండడుగుల దూరంలో నిలబడండి. చెయ్యి పెట్టొద్దు, కాలుతుంది. తెల్లగా ఆవిరి వస్తుంది చూడండి. అది నిన్న రాత్రిదాకా ఎక్కడా నీరు కాదు. బకెట్లో ఎన్ని లీటర్లు వచ్చాయో, ఆ ఆవిరి ఎంతదూరం పోయి మాయమైందో నాకు రాయండి.

మీ తాతయ్య