ఇరవై మార్కుల దగ్గర దారితప్పిన మూల్యాంకనం

తెలంగాణ పదో తరగతిలో ఇంటర్నల్ మార్కులు ఉంటాయా, పోతాయా అన్న వ్యవహారం ఏడాది తిరక్కుండానే మూడు మలుపులు తిరిగింది. బడిలోనే జరిగే నిర్మాణాత్మక మూల్యాంకనానికి ఇచ్చే 20 ఇంటర్నల్ మార్కులు ఎత్తేసి మొత్తం 100 మార్కులకూ రాత పరీక్షే పెడతామని 2024 నవంబరు చివర్లో విద్యాశాఖ ప్రకటించింది. చదువు సగం అయ్యాక ఇదేమిటని అభ్యంతరాలు రావడంతో, మర్నాడే ఆ మార్పును 2025-26కి జరిపింది. తీరా ఆ ఏడాది వచ్చాక, 2025 ఆగస్టులో, పాత 80-20 పద్ధతే ఉంటుందని చెప్పింది. ఆంధ్రప్రదేశ్ 2019లోనే ఇంటర్నల్స్ తీసేసింది. ఈ రాకపోకల మధ్య బీఎడ్, డీఎల్‌ఎడ్ విద్యార్థులకు సహజంగానే ఒక సందేహం వస్తుంది. నిర్మాణాత్మక మూల్యాంకనం (పాఠం నడుస్తుండగానే పిల్లలకు ఎంత అర్థమైందో చూసుకోవడం) లేనిదే బోధన లేదని పాఠాల్లో చదువుతున్నాం, మరి ప్రభుత్వాలు దాన్ని ఎందుకు వదిలించుకోవాలని చూస్తున్నాయి?

విద్యాహక్కు చట్టం, 2011 నాటి రాష్ట్ర విద్యా ప్రణాళిక, కొత్త పాఠ్యపుస్తకాలు, నిరంతర సమగ్ర మూల్యాంకనం (సీసీఈ) వచ్చిన క్రమం అందరికీ తెలిసిందే. అసలు మలుపు 2014 మే నెలలో ఉంది. రాష్ట్రం రెండుగా విడిపోవడానికి కొద్ది వారాల ముందు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ తొమ్మిది, పది తరగతుల పరీక్షా సంస్కరణల ఉత్తర్వు ఇచ్చింది. పబ్లిక్ పరీక్షకు 80, ఇంటర్నల్స్‌కు 20 అన్న విభజన అందులోదే. తెలంగాణ 2014-15 నుంచే అమలుచేసింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పద్ధతిలో తొలి పబ్లిక్ పరీక్షలు 2017 మార్చిలో జరిగాయి. పాఠ్యపుస్తకంలోని ప్రశ్నలను ఉన్నదున్నట్టు అడగకూడదని, పిల్లలు ఆలోచించి సొంత మాటల్లో రాసే ప్రశ్నలివ్వాలని తెచ్చిన మార్పు ఈ సంస్కరణలో మంచి సగం. దాని గురించి ఇప్పుడెవరూ మాట్లాడరు. గొడవంతా రెండో సగం, అంటే ఇంటర్నల్స్ మీదే.

ఆ సగంలో ఏం జరిగిందో తెలియాలంటే మూల్యాంకనంలో రెండు రకాలను విడదీసి చూడాలి. ఈ విభజన 1967లో మూల్యాంకన సిద్ధాంతకర్త మైఖేల్ స్క్రివెన్ చేసింది. ఆయన చెప్పింది పాఠ్యప్రణాళికల గురించి. దాన్ని తరగతి గదిలో పిల్లల అభ్యసనకు అన్వయించినవాడు అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్. పాఠం నడుస్తుండగానే పిల్లలు ఎక్కడ ఆగిపోయారో చూసి, బోధనను సరిదిద్దుకోవడానికి చేసేది నిర్మాణాత్మకం. పాఠాలన్నీ అయ్యాక ఎంత వచ్చిందో తేల్చేది సంగ్రహణాత్మకం. ఒకే ప్రశ్న రెండింటికీ పనికిరావచ్చు. జవాబు చూశాక ఉపాధ్యాయుడు ఏం చేస్తాడన్న దాన్ని బట్టి అది ఏ రకమో తేలుతుంది.

భిన్నాల కూడికనే తీసుకుందాం. 1/2 + 1/3 ఎంత అని అడిగితే తరగతిలో కొందరు 2/5 అని, ఇంకొందరు 2/6 అని రాస్తారు. రెండూ తప్పే, రెండింటికీ సున్నాయే. కానీ 2/5 రాసిన పిల్లలు పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కలిపారు. భిన్నం అంటే ఒక్క సంఖ్య అన్న భావనే వాళ్లకు ఇంకా కుదరలేదు. వాళ్లకు సమాన పొడవున్న కాగితపు పట్టీలిచ్చి మడతపెట్టించాలి. సగానికి ఇంకొంత కలిపితే వచ్చింది సగం కంటే తక్కువ ఎలా అవుతుందో వాళ్లే చూస్తారు. 2/6 రాసిన పిల్లలకు క.సా.గు. తెలుసు. హారం 6 చేసి, లవాలు మార్చడం మరిచారు. వాళ్లకు పట్టీల పాఠం అక్కర్లేదు. 1/2 అంటే 3/6, 1/3 అంటే 2/6 అని సమాన భిన్నాలు రాయించే నాలుగైదు లెక్కలు చాలు. రెండు మూడు రోజులాగి ఇలాంటివే మరో రెండు లెక్కలిచ్చి, తప్పు పోయిందో లేదో చూడాలి. నిర్మాణాత్మక మూల్యాంకనం, బడి భాషలో ఫార్మేటివ్ అసెస్‌మెంట్ (ఎఫ్‌ఏ), అంటే ఈ మొత్తం పని. రిజిస్టరులో ఇద్దరికీ సున్నా వేసి పేజీ తిప్పేస్తే మిగిలేది పరీక్ష ఒక్కటే.

2014 ఉత్తర్వు ఈ పనికి పబ్లిక్ మార్కుల్లో వాటా పెట్టింది. ఏడాదికి నాలుగు ఎఫ్‌ఏలు. ఒక్కోదానికి 20 మార్కులు: పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలకు 5, రాతపనులకు 5, ప్రాజెక్టుకు 5, లఘు పరీక్షకు 5. నాలుగింటి సగటు పదో తరగతి మార్కుల మెమోలోకి వెళ్తుంది. ఉద్దేశం మంచిదే. మార్కులుంటేనే బడులు పట్టించుకుంటాయని అనుకున్నారు. పట్టించుకున్నాయి కూడా. కానీ పట్టించుకున్నది మార్కులనే.

లఘు పరీక్షను ముందుగా చెప్పకుండా, అప్పటికి బోధించిన అంశం నుంచి, ఆ ఉపాధ్యాయుడే ప్రశ్నలు తయారుచేసుకుని పెట్టాలి. ఆచరణలో దానికి టైంటేబులు వచ్చింది, చాలాచోట్ల ఉమ్మడి ప్రశ్నపత్రం వచ్చింది. ఆ పత్రం తరగతిలో పాఠం ఎక్కడుందో చూడదు. ప్రాజెక్టుల సంగతి మరీ అన్యాయం. నాలుగు రోజులు సమాచారం సేకరించి, పట్టికలు వేసి, తేలిందేమిటో తరగతిలో చెప్పాల్సిన పని జెరాక్స్ షాపులో దొరికే కాగితాల కట్టగా మారింది. ఇక రికార్డులు. 40 మంది ఉన్న సెక్షన్‌లో ఒక్క సబ్జెక్టుకు నాలుగు సాధనాలు, నాలుగు ఎఫ్‌ఏలు కలిపితే ఏడాదికి 640 నమోదులు. మూడు సెక్షన్లు చూసేవారికి 1,920. ఆపైన ఆన్‌లైన్ ఎంట్రీ, పరిశీలన బృందాల రాక. 2/5కు, 2/6కు తేడా చూడాల్సిన సమయమంతా గళ్లు నింపడానికే పోయింది.

మార్కు పక్కన చేరితే సలహా పనిచేయదని అంతకు చాలా ముందే తేలింది. పరిశోధకురాలు రూత్ బట్లర్ ఇజ్రాయెల్‌లో ఐదు, ఆరు తరగతుల పిల్లల మీద చేసిన అధ్యయనం 1988లో వచ్చింది. కొందరికి మార్కులు మాత్రమే ఇచ్చారు, కొందరికి వ్యాఖ్యలు మాత్రమే, ఇంకొందరికి రెండూ. వ్యాఖ్యలు మాత్రమే అందుకున్న పిల్లలు తర్వాతి పని మెరుగ్గా చేశారు. రెండూ ఇచ్చిన జట్టుకు వ్యాఖ్యల వల్ల లాభం కనిపించలేదు. ఈ ఫలితం తెలిసినవారికి 80-20 ఎటు పోతుందో ఊహించడం కష్టం కాదు.

ఆ 20 మార్కులు పిల్లలను గట్టెక్కించేవి కూడా కావు. పాస్ కావాలంటే చాలా సబ్జెక్టుల్లో 80లో 28 రాత పరీక్షలోనే తెచ్చుకోవాలి. ఇంటర్నల్స్ పనికొచ్చింది గ్రేడు పెంచుకోవడానికే. బాసర ట్రిపుల్ ఐటీ సీట్లు పదో తరగతి ఫలితం మీద ఆధారపడినప్పుడు, ఒక బడి అందరికీ 20కి 20 వేసి, పక్క బడి ఉన్నదున్నట్టు 14, 15 వేస్తే నష్టం ఎవరిది? ప్రభుత్వ బడుల టీచర్ల ఫిర్యాదు ఇదే. నిజాయతీగా మార్కులు వేస్తే తమ పిల్లలే వెనకబడతారు. కొట్టిపారేయలేని వాదన ఇది. తమ పిల్లలు ఎక్కువ పని చేస్తారు కాబట్టే ఎక్కువ మార్కులని ప్రైవేటు యాజమాన్యాలు అంటాయి.

2021లో లెక్క బయటపడింది. కరోనా వల్ల పరీక్షలు రద్దయి, తెలంగాణ ఎఫ్‌ఏ-1 మార్కులను ఐదు రెట్లు చేసి గ్రేడ్లిచ్చింది. 5,21,073 మందిలో 2,10,647 మందికి 10 జీపీఏ. అంటే ప్రతి సబ్జెక్టులో 20కి 18, 19కి తగ్గకుండా వచ్చినవాళ్లు పదిమందిలో నలుగురు. రాత పరీక్షలు జరిగిన ఏడాదుల్లో ఈ సంఖ్య వేలల్లో ఉండేది. బడులు మూతబడి, తరగతులు అరకొరగా నడిచిన ఏడాది అది.

ఎత్తేయాలనేవారు ఈ అంకెలనే చూపిస్తారు. కొనసాగించాలనేవారు ఒక్క రాత పరీక్షతో పిల్లల శక్తి తేలదంటారు. వాళ్లూ తప్పు మాట్లాడటం లేదు. కానీ ఇరుపక్షాలూ పట్టుకున్నది 20 అంకెనే. ఎఫ్‌ఏ నమోదులు టీచరు దగ్గరే, మెమోతో సంబంధం లేకుండా ఉండాలన్న మూడో దారి చర్చలోకే రావడం లేదు. మార్కుల్లేకపోతే ప్రాజెక్టులు ఎవరూ చేయరని కొందరి భయం. మార్కులున్నప్పుడు వచ్చిన ప్రాజెక్టులు ఎలాంటివో చూశాం.

ప్రాక్టీసుకు వెళ్లే ఛాత్రోపాధ్యాయులకు బడిలో ముందుగా చేతికొచ్చేది ఎఫ్‌ఏ రిజిస్టరే. అందులో మార్కుల గడి ఉంటుంది. తప్పు ఏ రకందో, దానికి ఏ పీరియడ్‌లో ఏం చేశారో, మళ్లీ ఎప్పుడు చూశారో రాయడానికి చోటు లేకపోతే ఆ మూడు గడులూ సొంత నోటుబుక్కులో గీసుకోవాలి. ఆరు నుంచి తొమ్మిది తరగతుల మార్కులు పదో తరగతి మెమోలోకి వెళ్లవు. అక్కడ దీన్ని ఇవాళే మొదలుపెట్టవచ్చు, దానికి ఏ ఉత్తర్వూ అడ్డురాదు.